కథ ముగిశాక మూడు నిమిషాలు: ఒక ముచ్చట్ల బృందం కేస్ స్టడీ

ఒక సంఘంలోని మనుషులు తమ రోజువారీ బతుకులోని నిజమైన సంఘటనలు ఒకరికొకరు చెప్పుకుందామని బృందాలు మొదలుపెడుతుంటారు. చాలా బృందాలు నాలుగో వారానికే పలచబడిపోతాయి. నడిపేవాళ్ళని అడిగితే "మావాళ్ళకి చెప్పడం రాదండీ" అంటారు. మేము చూసినంతలో చెప్పడం రాక ఆగిపోయిన బృందాలు తక్కువ, వినడం కుదరక ఆగిపోయినవే ఎక్కువ. ఒకరు కథ ముగించగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారో తర్వాత చెప్పాల్సిన మనిషి గమనిస్తూ ఉంటాడు. నోరు విప్పాలా, ఊరుకోవాలా అన్నది అప్పుడే తేలిపోతుంది. అందుకే ఈ కేస్‌లో ఎక్కువ భాగం కథ ముగిసిన తర్వాతి మూడు నిమిషాలకే ఇస్తున్నాం.

వ్యక్తులను గుర్తుపట్టే వివరాలు ఇందులో మార్చాం. ఒకటికి మించిన బృందాల్లో చూసినవాటిని కలిపి ఒకే బృందంగా రాశాం. పద్ధతులూ కొలతలూ మాత్రం పనిలో వాడేవే.

బృందం మా దగ్గరికి వచ్చేసరికి

రిటైరైనవాళ్ళు, ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు కలిసిన బృందం అది. వారానికోసారి సాయంత్రం ఒక హాల్లో కూర్చునేవారు. నిర్వాహకురాలు అడిగిన ప్రశ్న "మీ జీవితంలో మరపురాని అనుభవం చెప్పండి". సమయానికి హద్దు పెట్టలేదు. మొదటి వారం వచ్చినవన్నీ జీవితచరిత్రలే. పుట్టిన సంవత్సరం దగ్గర మొదలై, చదువూ ఉద్యోగమూ పిల్లల మీదుగా నడిచి, "కష్టపడితే ఫలితం ఉంటుంది" అన్న మాట దగ్గర ఆగాయి.

రెండో వారం ఒకావిడ తన కొడుకు ఇల్లు విడిచి వెళ్ళిన రోజు గురించి చెప్పారు. ఆవిడ ఇంకా ఊపిరి తీసుకోకముందే ఒకరు "మీరు అప్పుడే కంప్లైంట్ ఇవ్వాల్సింది" అన్నారు. ఇంకొకరు "మా మేనల్లుడిది ఇంతకంటే ఘోరమండీ" అంటూ తమ సంగతి ఎత్తుకున్నారు. మూడో ఆయన "అన్నీ సర్దుకుంటాయమ్మా" అని ముగించేశారు. ముగ్గురూ మంచి మనసుతోనే అన్నారు. ఆవిడ మాత్రం మళ్ళీ రాలేదు.

దాని మీద ఇంకొకటి జరిగింది. ఒక కథ రికార్డింగ్ ఎవరి ఫోన్లో నుంచో వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. చెప్పినాయన కోడలు దాన్ని వింది. తర్వాతి వారం వచ్చినవాళ్ళు ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుకుని వెళ్ళిపోయారు.

మూడు కారణాలు, వాటిలో ఒకటి పెద్దది

మొదటిది ప్రశ్న. "మరపురాని అనుభవం" అనగానే మనిషి తన బతుకులో పెద్దదేముందా అని వెతుక్కుంటాడు. పెద్దదేమీ దొరకనివాళ్ళు "నాకేముందండీ చెప్పడానికి" అని వెనక్కి తగ్గుతారు. దొరికినవాళ్ళు అప్పటికే పదిమందికి చెప్పి చెప్పి అరగదీసిన కథ తెస్తారు. ఇలా అరిగిన కథలో వివరాలు ఉండవు. 1932లో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన ప్రయోగాల్లో చూపింది ఇదే. ఒక కథను మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుని చెప్పించినప్పుడు అందులోని వింత వివరాలు జారిపోయి, చెప్పేవాళ్ళకి అలవాటైన పోకడే మిగిలింది.

రెండోది అనుమతి. రికార్డు చేయొచ్చా అని అడిగారు కానీ ఎవరు వినొచ్చు అని అడగలేదు.

మూడోది, అసలైనది, స్పందన. సలహా, పోలిక, ఓదార్పు, పొగడ్త ఈ నాలుగూ కథను చెప్పినవాళ్ళ చేతిలోంచి లాగేసుకుంటాయి. సలహా వస్తే చెప్పినవాళ్ళు బోనులో నిలబడ్డట్టవుతుంది. పోలిక వస్తే వాళ్ళ కథ చిన్నదైపోతుంది. తొందరపడి ఓదారిస్తే ఇక ఆపమన్నట్టు ఉంటుంది. పొగడ్త వల్ల కూడా నష్టం ఉందంటే చాలామంది ఒప్పుకోరు. ఒకరిని "అద్భుతంగా చెప్పారు" అన్నాక తర్వాత చెప్పే మనిషి అద్భుతంగా చెప్పాలని చూస్తాడు. అక్కడినుంచి ఉపన్యాసం మొదలవుతుంది.

మార్చినవి

ముందు గది. మధ్యలో ఉన్న బల్ల తీయించాం. చేతులు దాచుకోవడానికి బల్ల బాగా పనికొస్తుంది, ముఖాలు మాత్రం దూరమవుతాయి. కుర్చీలన్నీ ఒకే ఎత్తువి, గుండ్రంగా వేశాం. నడిపేవారి కుర్చీ తలుపు పక్కన ఉండాలి. ఎవరైనా లేచి బయటికి వెళ్తే అందరి ముందునుంచీ దాటకుండా వెనకే వెళ్ళడానికి వీలుంటుంది.

ఒక వలయానికి ఎనిమిదిమంది. కథకి 5 నిమిషాలు, తర్వాతి స్పందనకి 3 నిమిషాలు అనుకుంటే ఎనిమిదిమందికి 64 నిమిషాలు పడుతుంది. మొదట్లో నియమాలకీ మధ్యలో విరామానికీ కలిపి గంటన్నరలో పని పూర్తవుతుంది. పన్నెండుమంది వస్తే రెండు వలయాలు చేయాలి. ఒకే వలయంగా సాగదీస్తే చివరి నలుగురి కథలు అలసిన చెవుల్లో పడతాయి. నిజమైన అనుభవాలని వేదిక మీద చెప్పించే సంస్థ ది మోత్, 1997లో న్యూయార్క్‌లో మొదలైంది. అది కూడా తన పోటీ వేదికల్లో ఒక్కొక్కరికి 5 నిమిషాలే ఇస్తుంది, కాగితం చూసి చదవనివ్వదు. వేదికా పోటీ మాకు అవసరం లేదు కానీ ఆ రెండు హద్దులూ బాగా పనిచేస్తాయి. 4 నిమిషాలకి నడిపేవారు చేయి మోకాలి మీద పెడతారు, 5కి అరచేయి తెరుస్తారు. గంట కొట్టడం మానిపించాం. గంట మోగితే ముగింపు మాట తెగిపోతుంది.

ప్రశ్నని ఒక వస్తువుకో ఒక పనికో కుదించాం. "తాళం." "ఎవరికోసమో ఎదురుచూసిన సమయం." "చెప్పులు పోయిన రోజు." "మొదటిసారి ఒక్కళ్ళే చేసిన పని." దీనికి తోడు మూడు షరతులు పెట్టాం. సంఘటన ఒకే రోజులో జరిగి ఉండాలి. చెప్పేవాళ్ళు అందులో ఉండాలి, విన్నది కాకూడదు. గాయం అప్పటికే మానిపోయి ఉండాలి. ఇంకా పచ్చిగా ఉన్న సంగతిని ఎవరైనా మొదలుపెడితే ఆపడం కష్టం కాబట్టి, వారం ముందే ఫోన్ చేసి "ఏం చెబుదామనుకుంటున్నారు" అని ఒక్క వాక్యంలో అడిగి ఉంచుకోవాలి. ఆ వాక్యం చెబుతుంటేనే గొంతు మారిపోతే, ఈసారికి ఇంకోటి చూసుకుందామా అని మెల్లగా అడగాలి.

ఆ మూడు నిమిషాలు

కథ ముగియగానే చప్పట్లు లేవు. నడిపేవారు రెండు నిండు ఊపిరులు తీసుకునేంతసేపు ఏమీ అనరు. అది సుమారు పది సెకన్లు. మొదటి వారం ఆ పది సెకన్లూ భరించడం కష్టంగా ఉంటుంది, ఎవరో ఒకరు దగ్గుతారు, ఎవరో నవ్వుతారు. నడిపేవారు కంగారుపడి నింపకూడదు. చెప్పినవాళ్ళు చాలాసార్లు అసలు వాక్యాన్ని ఆ ఖాళీలోనే చెబుతారు.

తర్వాత ప్రశ్నలు. "అక్కడ ఏం కనిపించింది?", "ఏం వినిపించింది?", "ఆ తర్వాత ఏం చేశారు?" ఈ మూడు రకాలకే అనుమతి. "ఎందుకు?" అని అడగకూడదు. "ఎందుకు చేశారు" అనగానే మనిషి సంజాయిషీ ఇవ్వడం మొదలుపెడతాడు, ఆ క్షణం నుంచి బయటికొచ్చేస్తాడు. "ఏం చేశారు" అంటే మళ్ళీ ఆ చోటికి వెళ్తాడు. ఒక కథకి మూడు ప్రశ్నలు చాలు. ఇంకా అడిగితే విచారణలా తయారవుతుంది.

ఆఖరున ఒక్కొక్కరూ తమ మనసులో నిలిచిన ఒక్క దృశ్యం చెబుతారు. "మీరు చెప్పుల్ని చేత్తో పట్టుకుని నిలబడటం నాకు కనిపించింది." అంతే, దానికి వ్యాఖ్య అక్కర్లేదు. చెప్పినవాళ్ళకి తమ కథలో ఏది తగిలిందో దీనివల్ల తెలుస్తుంది, వాళ్ళు అనుకున్నది కాకుండా వేరేదేదో తగిలిందని తరచూ తెలుస్తుంది.

నియమం చెప్పినంత మాత్రాన నాలుక ఆగదు. ఎవరైనా "నేనైతే" అని మొదలుపెడితే, నడిపేవారు వాళ్ళ వైపు తిరిగి "మీది మీ వంతులో విందాం. ఇందులో మీకేం కనిపించింది?" అంటారు. గొంతు పెంచాల్సిన పని లేదు. ఈ మాట ఏ వారమూ మానకుండా అనాలి. పెద్దాయన కదా అని ఒక్కసారి వదిలేస్తే ఆ సాయంత్రానికి నియమం పోయినట్టే. ఈ బృందంలో అందరికంటే ముందు అలవాటుపడింది కాలేజీ పిల్లలు. అందరికంటే కష్టపడింది పదిమందికి సలహాలిచ్చే ఉద్యోగాల్లో పనిచేసినవాళ్ళు.

ఒక కథ, దగ్గరగా

రిటైరైన ఒకాయన మొదటిసారి చెప్పింది ఇది: "ముప్ఫై ఏళ్ళకి పైగా సర్వీసు చేశానండీ. రిటైరయ్యాక మొదట్లో కొంచెం ఇబ్బంది అనిపించింది. తర్వాత అలవాటైపోయింది. మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలి." ఇందులో అబద్ధం లేదు, సంఘటన కూడా లేదు.

ప్రశ్నలు ఇలా నడిచాయి. రిటైరైన మర్నాడు లేవగానే ఏం చేశారు? "అలారం మోగిందండీ. తీసేయడం మర్చిపోయాను." తర్వాత? "స్నానం చేసి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను." ఏ చొక్కా? "ఆఫీసు చొక్కానే." ఆ తర్వాత? ఇక్కడ ఆయన కాసేపు ఆగారు. "బస్టాపుకి వెళ్ళానండీ."

మూడు ప్రశ్నల హద్దు వలయానికి మాత్రమే. కథను తీర్చిదిద్దే పని విడిగా, నడిపేవారితో ఒక్కరే కూర్చున్నప్పుడు జరుగుతుంది, దానికి అరగంట కేటాయించాలి. ఇదంతా అలా విడిగా కూర్చున్నప్పుడు వచ్చిందే. బస్టాపులో ఏం జరిగింది? బస్సు వచ్చింది. ఆయన చెయ్యెత్తలేదు, అయినా డ్రైవరు ఆపాడు. కండక్టరు "రండి సార్" అన్నాడు. "ఇవాళ రానయ్యా" అన్నారు ఈయన. "రేపొస్తారా?" అని అడిగితే తలూపారు. మర్నాటి నుంచి ఆ వేళకి ఆ రోడ్డు మీదికి వెళ్ళడం మానేశారు.

1967లో భాషా పరిశోధకులు విలియం లాబోవ్, జాషువా వలెట్స్కీ నోటితో చెప్పే అనుభవ కథల్ని విడదీసి చూపారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని నిలబెట్టే భాగం ఒకటి, చిక్కు ఒకటి, అది ఎలా తీరిందన్నది ఒకటి. వీటికి తోడు, ఈ సంగతి చెప్పదగిందెందుకు అని తెలియజేసే భాగం ఒకటుంటుంది. ఈయన మొదటి చెప్పడంలో ఈ చివరిదే మొత్తం ఆక్రమించింది, చిక్కు అసలే లేదు. రెండోసారి సర్వీసు అంతా ఒక్క వాక్యానికి తగ్గింది. "కొంచెం ఇబ్బంది అనిపించింది" తీసేశారు, తలూపడంలో అది ఉంది. "వ్యాపకం ఉండాలి" కూడా ఆయనే తీసేశారు. నడిపేవారు తీయమని చెప్పకూడదు. రికార్డింగ్ వినిపించి "ఏది లేకపోయినా ఫరవాలేదు?" అని అడగాలి. మనిషి తన మాట తానే తగ్గించుకుంటే కథ ఆయనదిగానే ఉంటుంది. నడిపేవారు కోస్తే బృందంలో కథలన్నీ ఒకే మూసలోకి వచ్చేస్తాయి. ఇది తరచూ జరిగే పొరపాటు, పైగా పైకి విజయంలా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు మిగిలింది. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదని ఆయన కథలో ఉంది, ఎందుకు చెప్పలేదో కూడా ఉంది: అప్పుడు భార్య ఆపరేషనై కోలుకుంటున్నారు. ఆ ముక్క ఆవిడది. వలయంలో చెప్పకముందే ఆవిడకి వినిపించమన్నాం. బస్టాపు సంగతి చెప్పుకోండి, నా ఆరోగ్యం సంగతి వద్దు అన్నారావిడ. ఆ భాగం తీస్తే కథ విరిగిపోతుందేమోనని ఆయన బెంగపడ్డారు. "ఇంట్లో చెప్పలేదు" అన్న వాక్యం ఉంచి కారణం తీసేశాం. వలయంలో కారణం ఎవరూ అడగలేదు.

ఇలాంటి చోట్ల పేరు మారిస్తే సరిపోతుందని నడిపేవాళ్ళు అనుకుంటారు. అందరూ అందరికీ తెలిసిన సంఘంలో పేరు మార్పు దేన్నీ దాచదు. ఫలానా రంగు స్కూటరు, కుంటుతూ నడిచే కుక్క, మూడో అంతస్తు అంటే చాలు, తెలిసిపోతుంది. మేము వాడే పరీక్ష ఇది: కథలోని మనిషి బతికి ఉన్నారా, వినేవాళ్ళు గుర్తుపడతారా, ఆ సంగతిని ఆ మనిషి తనంతట తాను చెప్పుకునేవారేనా? మొదటి రెండింటికి అవుననీ మూడోదానికి కాదనీ జవాబొస్తే, అడగకుండా ఆ ముక్క వాడకూడదు. అడగడానికి వీల్లేని పరిస్థితైతే వేరే కథ ఎంచుకోవాలి.

రికార్డింగ్, అనుమతి

అనుమతి రెండుసార్లు తీసుకోవాలి. చెప్పకముందు రికార్డు చేయడానికి, తీర్చిదిద్దినది పూర్తిగా విన్నాక పంచుకోవడానికి. కాగితం మీద మూడు గళ్ళుంటాయి: వలయం వరకే, సంఘం భద్రపరుచుకునే సేకరణలోకి, అందరికీ. పేరుతోనా, పేరు లేకుండానా అన్నది విడిగా అడగాలి. వెనక్కి తీసుకునే హక్కు ఎప్పటివరకు ఉంటుందో, తీసుకుంటే ఏయే చోట్ల చెరిపేస్తారో అందులోనే రాయాలి. బయటికి వెళ్ళిపోయినదాన్ని పూర్తిగా చెరపలేమని కూడా రాయాలి, ఇది దాచకూడదు. వలయంలో ఒకే ఒక్క ఫోన్ రికార్డు చేస్తుంది, మిగతావి తలుపు దగ్గరి బుట్టలో ఉంటాయి.

ఆ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, నోటికి జానెడు దూరంలో, నేరుగా ఎదురుగా కాకుండా కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టిన చప్పుడు పడుతుంది. కింద నాలుగు మడతల గుడ్డ వేస్తే కుర్చీ కదిలిన అదురు రాదు. ఫ్యాను ఆపాలి. ఫ్యాను చప్పుడు అక్కడ కూర్చున్నవాళ్ళ చెవికి ఆనదు, రికార్డింగ్‌లో మాత్రం గొంతు కింద పరుచుకుని ఉంటుంది, తర్వాత తీయబోతే గొంతు కూడా డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. మొదట ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు ఖాళీ గది చప్పుడు పట్టుకోవాలి, కోతల మధ్య అతకడానికి అదే కావాలి. 20 సెకన్లు పరీక్షగా మాట్లాడించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినాలి. స్క్రీన్ మీద గీతలు కదులుతున్నాయి కదా అని నమ్మకూడదు.

శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైల్‌ని ఒకే చానెల్‌తో (మోనో), 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ నాణ్యతలో పెట్టుకుంటే నిమిషానికి సుమారు 5.8 ఎంబీ, అంటే 5 నిమిషాల కథకి 29 ఎంబీ. ఫైల్ పేరులో మనిషి పేరు ఉండకూడదు, తేదీ, ఒక సంకేత సంఖ్య చాలు. ఏ సంఖ్య ఎవరిదన్న పట్టిక వేరే చోట ఉంచాలి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఇంట్లో.

వలయంలో నోరు పెగలనివాళ్ళకి జంట పద్ధతి ఉంది. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో చిన్న గదితో మొదలై, మామూలు మనుషుల సంభాషణలు రికార్డు చేసి భద్రపరిచే సంస్థ స్టోరీకోర్ నడిపేది ఇదే: పరిచయమున్న ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకుంటారు, నడిపేవారు పక్కన ఉండి రికార్డింగ్ చూసుకుంటారు. తాతా మనవరాలూ, పాత సహోద్యోగులూ ఇందులో బాగా కుదురుతారు. మొదటి పది నిమిషాలూ మొహమాటమే, ఆగకూడదు.

రాతలోకి ఎక్కించేటప్పుడు చెప్పినవాళ్ళ యాసను పుస్తకాల భాషలోకి దిద్దకూడదు. "పోయినా" అన్నవాళ్ళ నోట "వెళ్ళాను" పెడితే ఆ గొంతు పోతుంది, చదివినప్పుడు వాళ్ళకే పరాయిగా ఉంటుంది. తీయాల్సింది తడబాట్లు, మాట మధ్య నీళ్ళు నమలడాలు మాత్రమే. గంట రికార్డింగ్ రాయడానికి నాలుగు గంటలకి తక్కువ పట్టదు, పని పంచుకునేటప్పుడు ఇది లెక్కలో ఉంచుకోవాలి.

అప్పుడప్పుడు అడ్డం తిరిగేవి

ఎవరైనా ఏడ్చేస్తే: రికార్డింగ్ ఆపాలి, నీళ్ళు అందేచోట పెట్టాలి, ముట్టుకోబోయేముందు అడగాలి. "కొనసాగిద్దామా, ఇక్కడితో చాలా?" అని జవాబు వాళ్ళకే వదలాలి. మర్నాడు ఫోన్ చేయడం తప్పనిసరి. ఏడుపు వచ్చిన కథే గొప్ప కథ అన్న భావన బృందంలో పాకితే, మామూలు సంగతులు చెప్పేవాళ్ళు మళ్ళీ వెనక్కి తగ్గుతారు. అందుకే తర్వాతి వంతు ఒక తేలికపాటి కథకి ఇవ్వడం మంచిది. ఎవరు ఏం చెబుతారో ముందే తెలుసుకుని ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది. ఈ బృందం పని సంఘటనలు వినడం, వైద్యం కాదు. అవసరమైనవాళ్ళని మానసిక ఆరోగ్య నిపుణుల దగ్గరికి పంపే దారి ముందే తెలిసి ఉండాలి.

ఒకే సంఘటనని అన్నా చెల్లెలూ రెండు రకాలుగా చెబితే: తీర్పు చెప్పకూడదు, ఇద్దరివీ ఉంచాలి. జ్ఞాపకం మసకగా ఉన్నచోట "నాకు గుర్తున్నంతవరకు" అనమనాలి. కథ బాగుండాలని లేని సంభాషణ కల్పిస్తే మాత్రం ఒప్పుకోకూడదు. పక్కనున్నవాళ్ళకి తెలిసిపోతుంది, తర్వాత ఎవరి కథనీ నమ్మరు.

కూర్చోబెట్టే తీరు మారాక ఈ బృందం నిలబడింది. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు, కొడుకు సంగతి చెప్పినావిడ రాలేదు. ఆవిడ రికార్డింగ్ చెరిపేసి, చెరిపేశామని ఆవిడకి కబురు చేయించాం.

తేలకుండా ఉన్నది సేకరణ సంగతి. కాపీలూ పట్టికా ఇప్పుడు నిర్వాహకురాలి దగ్గర ఉన్నాయి. ఆవిడ ఇల్లు మారినా, ఈ పని మానుకున్నా ఎవరి చేతికి వెళ్ళాలో రాసిపెట్టలేదు. ఫైళ్ళు ఒకరి దగ్గర, పట్టిక ఇంకొకరి దగ్గర ఉంచి, ఏడాదికోసారి ఇద్దరూ కలిసి ప్రతి ఫైలూ తెరుచుకుంటోందో లేదో చూడాలని, అనుమతి కాగితాలతో సరిపోల్చాలని సూచించాం. పట్టిక ఎవరు పెట్టుకోవాలన్నది బృందం ఇంకా తేల్చుకోవాలి. సంఘంలో ఎవరితోనూ చుట్టరికం లేని మనిషి అయితే మేలు.